పావు తిప్పు

ఆ ల్యాబులో ఆయన్ని అందరూ పిసినారి అనేవారు. ఆయనకీ తెలుసు. తెలిసి, లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా. డబ్బు దగ్గర కాదు లెండి ఆ పిసినారితనం. నలుగురికీ టీ ఇప్పించడంలో ఆయన చెయ్యి పెద్దదే. పిసినారితనమంతా సిగ్నల్ దగ్గర. యాంటెన్నాకి వెళ్ళే తరంగం దారిలో వీసమెత్తు తరిగినా తన ఒంట్లోంచి నెత్తురు కారినట్టు విలవిల్లాడేవాడు. కేబుల్ కొంచెం వంకర తిరిగితే, అంతకన్నా ముందు ఈయన మూతి వంకర తిరిగేది. ఒకసారి కనెక్టర్లో తల వెంట్రుక ఒకటి దొరికితే, ఆ అంతస్తులో ఉన్న మనుషులందరినీ కిటికీ దగ్గరికి పిలిచి, వెలుతురులో ఒక్కొక్కరి జుట్టు రంగూ సరిచూశాడు. చివరికి అది ఆయనదేనని తేలింది. ఆ సాయంత్రమే వెళ్ళి గుండు కొట్టించుకొచ్చాడని చెప్పుకుంటారు. గుండు మాట నిజమో కాదో గానీ వెంట్రుక మాట మాత్రం నిజం.

అలాంటి మనిషి ఆ పొద్దున తరంగాల్ని కొలిచే ఎనలైజర్ ముందు కూర్చుని, తెరమీది గీతని చూస్తూ ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు.

బల్ల మీద ఉన్నది ఆయన చేసిన ఫేజ్ షిఫ్టర్. అరచేతిలో ఇమిడే అల్యూమినియం డబ్బా. లోపల పెన్సిల్ ముక్కంత, గార్నెట్ అనే నల్లరాయి కడ్డీ, కడ్డీ నడుమ సన్నటి రంధ్రం, రంధ్రంలోంచి ఒక తీగ. ఆ తీగలో రెప్పపాటు కరెంటు వదిలితే గార్నెట్ అయస్కాంతమై కూర్చుంటుంది. అది ఎంత గట్టి అయస్కాంతమైతే, దాన్ని దాటిపోయే తరంగం అంత ఆలస్యంగా బయటపడుతుంది. ఇలాంటి డబ్బాలు వరసగా పేర్చి, ఒక్కోదాని చేత ఒక్కోలా ఆలస్యం చేయిస్తే, యాంటెన్నా మెడ తిప్పకుండానే దాని చూపు ఆకాశమంతా తిరిగొస్తుంది. వీధరుగు మీద కదలకుండా కూర్చుని ఊళ్ళో ఎవరెక్కడికి వెళ్తున్నారో కనిపెట్టే ముసలమ్మ లాగన్నమాట.

చిక్కేమిటంటే, ఆలస్యం చేసే ప్రతి వస్తువూ దారిలో కొంత మింగుతుంది. పక్క గదిలో ఈయన బావమరిది డయోడ్లతో చేస్తున్న డబ్బా వంద పాళ్ళు పంపితే నలభై మింగేసి అరవై ఇచ్చేది. ఈయన గార్నెట్ డబ్బా మింగేది పదిహేనే. ఆ వారం కొనేవాళ్ళు వచ్చి రెండూ చూసి, ఏదో ఒకటి ఎంచుకుంటారు. మింగడంలో బావమరిది గెలిచే ప్రసక్తే లేదు. కాకపోతే మింగకపోవడం ఒక్కటే చాలదు కదా, చెప్పినంత ఆలస్యమూ చెయ్యాలి. నిన్న సాయంత్రం పూర్తి చుట్టు, అంటే ఒక అల నిడివంతా, ఆలస్యం చూపించిన డబ్బా ఈ పొద్దున దానికి పదో వంతు తక్కువ చూపిస్తోంది.

ఆయన కేబుల్ విప్పి, కనెక్టర్లు తుడిచి, మళ్ళీ బిగించి కొలిచాడు. అదే తక్కువ. పక్కనున్న డబ్బా పెట్టాడు. అదీ తక్కువే.

వస్తువు దానంతటది రాత్రికి రాత్రి మారదు. ఎవరో చెయ్యి పెట్టి ఉండాలి. ఈ మాట ఆయన బుర్రలోకి వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఏమ్మా," అన్నాడు, తల తిప్పకుండానే. "పొద్దున బీరువా తెరిచిందెవరు?"

గది ఆ చివర బల్ల దగ్గర కూర్చున్నావిడ భూతద్దం లోంచి తలెత్తలేదు. డబ్బాలు అమర్చేది ఆవిడే. గార్నెట్‌కి జిగురు రాయడం, తీగ దూర్చడం, మూత పెట్టి స్క్రూలు బిగించడం అంతా ఆవిడ పనే. ప్రతి ముక్కనీ పట్టకారుతో ఎత్తుతూ దాంతో "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ ఉంటుందని అందరూ ఆవిణ్ణి జాగ్రత్తమ్మ అనేవారు.

"నేనే సార్. రోజూ నేనేగా తెరిచేది."

"తాళం వేసింది?"

"మీరే."

"అదే అంటున్నా. వేసింది నేను. తీసింది నువ్వు."

ఆవిడ చేతిలో ఉన్నది బిగింపు కొలిచే స్క్రూడ్రైవర్. ఎంత బిగింపు కావాలో దానికి చెప్పి పెడితే, అంతవరకూ తిరిగి 'టక్' మని చేతులెత్తేస్తుంది. ఆవిడ చివరి స్క్రూ మీద దాన్ని టక్కుమనిపించి, డబ్బాని ట్రేలో పెట్టి, అప్పుడు తల ఎత్తింది.

"తీస్తే ఏమైంది సార్?"

"ఏమీ కాలేదు. ఏమైనా అయిందేమోనని అడుగుతున్నా."

ఆవిడ ఒక క్షణం ఆయన్ని చూసి, మళ్ళీ భూతద్దం మీదికి వంగింది. ఆ ఒక్క క్షణం చూపులో ఏముందో వెతుక్కుంటూ ఆయన మధ్యాహ్నం దాకా గడిపాడు.

*

మర్నాడు పొద్దున ఇంట్లో అద్దం దగ్గర దువ్వెన వెతుకుతున్నట్టు నటించి, భార్య ఎర్ర నెయిల్ పాలిష్ సీసాని జేబులో వేసుకున్నాడు. స్క్రూ మీద నుంచి మూత మీదికి సన్నగా ఒక గీత గీస్తే చాలు. ఎవరు స్క్రూ తిప్పినా గీత విరుగుతుంది. ఇంత తెలివైన ఎత్తు ప్రపంచంలో తనకొక్కడికే తట్టినట్టు ఆ రోజు ఆయన నడకే వేరుగా ఉంది.

సాయంత్రం, కొనేవాళ్ళకి చూపించాల్సిన పదహారు డబ్బాలూ తానే స్వయంగా కొలిచాడు. ముందురోజు తక్కువ చూపించిన రెంటినీ పక్కన పెట్టేసి వాటి బదులు కొత్తవి అమర్పించాడు. అన్నీ పూర్తి చుట్టు ఆలస్యం చూపించాయి. ఒక్కో డబ్బా కొలవగానే కేబుల్ విప్పి, స్క్రూడ్రైవర్ తీసుకుని, మూత మీది ఎనిమిది స్క్రూలకీ ఒక్కో పావు తిప్పు ఇచ్చాడు. అది ఆయన పాత అలవాటు. ఆవిడ టక్కుమనిపించినదాని మీద మరో పావు. మూత సందుల్లోంచి సిగ్నల్ కారిపోతుందేమోనని ఆయన భయం. పాత డిజైన్ల రోజుల నుంచీ ఆయన చేతి మీదుగా పోయిన డబ్బా ఏదీ ఆ పావు తిప్పు లేకుండా పోలేదు. పిల్లల్ని బడికి పంపేముందు తల్లి జుట్టు ఇంకోసారి నిమిరినట్టు, చేస్తున్నానన్న ధ్యాస కూడా ఉండేది కాదు ఆయనకి. తిప్పులయ్యాక ఎర్ర గీతలు గీశాడు. గీసి ఉఫ్ ఉఫ్ మని ఊదాడు.

"ఆ ట్రే బీరువాలో పెట్టెయ్యమ్మా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. తాళం తనే వేశాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"నా ఎర్ర నెయిల్ పాలిష్ కనపడ్డం లేదు."

"నాకేం తెలుసు?"

"మీ వేళ్ళు ఏదీ చూపించండి."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక గానీ ఆ పని చెయ్యకూడదని తట్టలేదు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ గోళ్ళ వంక ఒక్కసారైనా చూశానా నేను? ఆ సీసా నాకెందుకు?"

"నా అనుమానమూ అదే. నా గోళ్ళు చూడని మనిషికి సీసాతో ఏం పని? ఎవరి గోళ్ళు చూస్తున్నారో మరి!"

"ఆఫీసు పని."

"ఆఫీసులో గోళ్ళ పనేవిటండీ?"

జవాబు చెప్పొచ్చు. చెబితే ఆవిడ తమ్ముడికి చెబుతుంది. తమ్ముడంటే ఆ డయోడ్ బావమరిదే. ఈయన కాళ్ళు కడుక్కునే మిషతో పెరట్లోకి తప్పుకున్నాడు. వెనక నుంచి ఆవిడ చూపు వీపు మీద గుచ్చుకుంటూనే ఉంది.

*

పొద్దున బీరువా తెరిచేసరికి గీతలన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఎర్రగా, తిన్నగా, తాను గీసినట్టే.

కొలిచాడు. తక్కువ. ఒకటి, రెండు కాదు, చేతికి తీసుకున్న ప్రతిదీ తక్కువే.

మరొకడైతే అక్కడ ఆగి, గీత విరగలేదంటే ఎవరూ ముట్టుకోలేదేమో అనుకునేవాడు. అనుమానం నాలుగు మెతుకులు దొరికితే విందు చేసుకునే రకం కదా, ఈయన బుర్ర ఇంకో దారి పట్టింది. గీత విరగలేదంటే, విరిగాక ఎవరో మళ్ళీ గీశారన్నమాట! ఆ మాట అనుకుని అటు తిరిగేసరికి, ట్రే అందుకుంటున్న జాగ్రత్తమ్మ కుడిచేతి బొటనవేలి గోటి అంచున ఎర్రగా కనిపించింది.

ఆయన చేతిలోని కేబుల్ బల్ల మీద పెట్టేశాడు.

"అదేంటి?"

ఆవిడ వేలు చూసుకుంది. "ఇదా? మొన్న... కాదు, నిన్న సాయంత్రం మీరు పెట్టమన్నారుగా ట్రే. గీతలు తడిగా ఉన్నాయి. అంటుకుంది."

"అంటుకుంది."

"అవును సార్."

"గోటికే అంటుకుంది. చక్కగా."

ఆవిడకి అప్పుడర్థమైంది. ముఖంలో రంగు మారింది. కోపమో, భయమో ఆయన తేల్చుకోలేకపోయాడు. తేల్చుకోవాలనీ అనుకోలేదు. తిన్నగా మేనేజర్ గదికి నడిచాడు.

మేనేజర్ని అందరూ చూద్దాంగారు అంటారు. ఏది అడిగినా ఆయన నోట మొదట వచ్చేది ఆ మాటే. ఇల్లు తగలబడుతోందన్నా "చూద్దాం" అనే లేస్తాడని ప్రతీతి. ఆ రోజు మాత్రం కొనేవాళ్ళు తలుపు దగ్గర నిలబడ్డంత పనయింది కనక, "చూద్దాం" అన్నాక ఆగలేదు.

"ఆవిణ్ణి కొన్నాళ్ళు ప్యాకింగ్‌కి పంపుదామా?"

"నేను పంపమనడం లేదు. అనుమానం చెబుతున్నా."

"మీ అనుమానం చాలండీ. నిజమైతే మంచిదే. కాకపోయినా ప్యాకింగ్ పనేగా, ఉద్యోగం ఊడదు. తేలకపోతే ఆ తర్వాత సంగతి అప్పుడు చూద్దాం."

జాగ్రత్తమ్మ పట్టకార్లు తుడిచి, పెద్దదాని పక్కన చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది వరసగా పేర్చింది. గార్నెట్ల పెట్టె మీద గుడ్డ కప్పింది. భూతద్దం దీపం ఆర్పింది. ఏప్రాన్ విప్పి నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంచింది. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"ఆ మూడో గార్నెట్ జిగురు ఇంకా ఆరలేదు. సాయంత్రం దాకా మూత వెయ్యకండి సార్."

ఆయన తల ఊపాడు. ఆ మాటలో కూడా ఏదైనా ఎత్తు ఉందేమోనని ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఆ గార్నెట్ వంక చూస్తూ కూర్చున్నాడు.

*

ఇక అన్నీ ఆయనే అమర్చాడు. నడుం పట్టేసింది, కళ్ళు మండాయి, వేలికి జిగురంటుకుని ఒకసారి పట్టకారు చేతికే ఉండిపోయింది. సాయంత్రం కొలిస్తే అన్నీ బంగారంలా ఉన్నాయి. ఇంక ఎవడొచ్చినా స్క్రూ కదపలేకుండా ఉండాలని, పావు తిప్పు మీద ఇంకో పావు తిప్పు ఇచ్చి గీతలు గీశాడు.

పొద్దున అవి ఎన్నడూ లేనంత తక్కువ చూపించాయి.

ఆవిడ లేదు. అయినా దొంగతనం ఆగలేదు. అంటే ఆవిడ కాదేమో అన్న ఆలోచన ఒకటి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈయన దాన్ని లోపలికి రానివ్వలేదు. ఆవిడ పోయినా ఆగలేదంటే, ఆవిడ వెనక ఇంకొకడున్నాడన్నమాట! ఈ డబ్బా చెడితే బాగుపడేది ఎవరు? ఉన్నదొక్కడే, పక్క గదిలో. పైపెచ్చు, మొన్నటి వారం జాగ్రత్తమ్మ వాడి గదిలోకి వెళ్ళడం తన కళ్ళతో చూశాడు కూడా. వాడి దగ్గర భూతద్దం బల్బు అడిగి తెచ్చుకోవడానికి వెళ్ళానంది అప్పుడు. బల్బట!

భోజనాల వేళ గది ఖాళీ చేసి, అందరికీ వినబడేలా తలుపు దగ్గరికేసి, మళ్ళీ చప్పుడు లేకుండా లోపలికొచ్చి బీరువా వెనక నిలబడ్డాడు. బొజ్జ కాస్త బయటికి కనబడుతుందని ఊపిరి బిగబట్టాడు. ముక్కులో దుమ్ము దూరి తుమ్ము రాబోతే రెండు వేళ్ళతో ముక్కు పట్టుకున్నాడు. అంత పెద్ద ఇంజనీరు, ఇన్ని యాంటెన్నాలకి చూపు తెప్పించిన మనిషి, తన చూపు కోసం బీరువాకీ గోడకీ మధ్యనున్న సందునే నమ్ముకోవాల్సొచ్చింది.

తలుపు తెరుచుకుంది. బావమరిదే!

వాడు అటూ ఇటూ చూసి, పిల్లిలా అడుగులేస్తూ బల్ల దగ్గరికెళ్ళాడు. సొరుగు లాగాడు. లోపల చెయ్యి పెట్టి గాలించాడు. ఏదో తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు.

"దొరికావురా!" అంటూ ఈయన బీరువా వెనక నుంచి దూకాడు. దూకాడంటే పక్కకి ఈడ్చుకుంటూ వచ్చాడనే అనాలి గానీ, అరుపు మాత్రం దూకింది.

బావమరిది గాభరాపడి, అంతలోనే తేరుకుని, గుప్పిలి విప్పాడు. అందులో ఎర్ర నెయిల్ పాలిష్ సీసా.

"నేను కాదు బావా, దొరికింది నువ్వు! అక్క పొద్దున్నుంచీ మూడుసార్లు ఫోన్ చేసింది. మీ బావ సొరుగు వెతకరా, నా సీసా ఎవరికిచ్చాడో తేల్చరా అని ప్రాణం తీస్తోంది. ఎవరికోసం బావా ఇది? చెప్పు. అక్కకి కాస్త మెల్లిగా చెబుతాను."

"డబ్బాల కోసంరా!"

"డబ్బాలకి గోళ్ళుంటాయా?"

చెప్పక తప్పలేదు. గీతలూ, రాత్రి దొంగతనమూ, ఆలస్యం తగ్గడమూ అన్నీ చెప్పాడు. చెబుతూ వాడి ముఖం కనిపెడుతూనే ఉన్నాడు. బావమరిది మొదట నవ్వాడు. నవ్వు సగంలో ఆపి కుర్చీలో కూలబడ్డాడు.

"అంటే నేనొచ్చి నీ డబ్బాలు చెడగొడుతున్నాననా?"

"నేననలేదు."

"బీరువా వెనక నుంచుని మరీ అనలేదా? చూడు బావా. నీ డబ్బా గెలిస్తే మా అక్కకి సంతోషం. ఓడితే నాకు సంతోషం. ఎటు తిరిగినా మా ఇంటి వాళ్ళకే లాభం. నేనెందుకు ముట్టుకుంటానురా బాబూ దాన్ని!"

బావమరిది లేచి, సీసాని బల్ల మీద పెట్టి తలుపు దాకా వెళ్ళాడు.

"ప్యాకింగ్ గదికి వెళ్ళావా ఒకసారైనా? ఆవిడ అట్టపెట్టెలకి టేపు అంటిస్తోంది. వెంట్రుకంత తీగని సూదిబెజ్జమంత రంధ్రంలో దూర్చే చేతులు. పక్కనున్న వాళ్ళు ఆవిడ తాకిన పెట్టెల్ని మళ్ళీ విప్పి చూసుకుంటున్నారు. ఇక్కణ్ణుంచి ఎందుకు పంపారో అక్కడ అందరికీ తెలుసు మరి."

*

మధ్యాహ్నం కొత్తగా ఒక డబ్బా అమర్చి ఎనలైజర్‌కి తగిలించాడు. ఇవాళ దీన్ని బీరువాలో పెట్టేది లేదు. కేబుల్ విప్పేదీ లేదు. కళ్ళెదుటే ఉంచుకుంటాడు. ఎవడు ముట్టుకుంటాడో, ఎప్పుడు ముట్టుకుంటాడో చూస్తాడు. తీగలోకి కరెంటు ఆగకుండా క్షణక్షణం వెళ్ళేలా పెట్టి, తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గీత పూర్తి చుట్టు దగ్గర, మంచం మీద పడుకున్న మనిషిలా తిన్నగా ఉంది.

తెచ్చిన టీ చల్లారి మీగడ కట్టింది. కిటికీ ఎండ బల్ల మీద నుంచి నేల మీదికి దిగింది. గీత కదల్లేదు. తలుపు వంక చూశాడు. కిటికీ వంక చూశాడు. పై కప్పు వంక కూడా చూశాడు. ఎవరూ రాలేదు. గీత కదల్లేదు.

సాయంత్రపు గంట మోగింది. ఇంటికెళ్ళే వేళ. ఆయన చెయ్యి స్క్రూడ్రైవర్ అందుకుని మొదటి స్క్రూకి పావు తిప్పు ఇచ్చింది.

గీత జారింది.

ఆయన గభాల్న వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. రెండో స్క్రూ మీద చెయ్యి ఉండనే ఉంది. ఇంకో పావు. గీత ఇంకాస్త జారింది, మెట్టు దిగినట్టు. మూడోది. ఇంకో మెట్టు.

స్క్రూడ్రైవర్ వెనక్కి తిప్పాడు. గీత బుద్ధిగా పైకెక్కి, తన చోట తను పడుకుంది.

మళ్ళీ బిగించాడు. దిగింది. వదులు చేశాడు. ఎక్కింది. అలా ఎంతసేపు చేశాడో ఆయనకే తెలీదు. ఇన్నేళ్ళుగా కొలవడమూ బిగించడమూ ఎప్పుడూ విడివిడిగానే జరిగాయి. కొలిచేటప్పుడు బిగించలేదు, బిగించేటప్పుడు తెర చూడలేదు. కేబుల్ విప్పాకే ఆ చెయ్యి పని మొదలయ్యేది.

కారణం ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ ఏడాది కొత్త డిజైన్లో, వేడి త్వరగా బయటికి పోవాలని, గార్నెట్ వీపు మూతని ఆనుకునేలా డబ్బా లోపల తరిగించింది తనే. మూత బిగిసిన కొద్దీ గార్నెట్ నలుగుతుంది. నలిగిన గార్నెట్ అయస్కాంతాన్ని పూర్తిగా పట్టి ఉంచుకోలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్ళకి బోర్డు మీద బొమ్మ వేసి ఈ పాఠం చెప్పేదీ తనే. పాత డబ్బాల్లో మూతకీ గార్నెట్‌కీ మధ్య ఎడం ఉండేది కనక పావు తిప్పు ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. సిగ్నల్ పిసరంత కారిపోతుందేమోనని బిగించిన చెయ్యే ఇన్నాళ్ళూ ఆలస్యాన్ని పిండేసింది.

ఆయన తన కుడిచేతిని బల్ల మీద పెట్టుకుని, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. గోళ్ళ సందుల్లో ఎర్రరంగు ఉంది. ఆవిడ గోటికి అంటినదానికంటే చాలా ఎక్కువ.

పదహారింటినీ ముందేసుకుని, స్క్రూలన్నీ వదులు చేసి, బిగింపు కొలిచే స్క్రూడ్రైవర్ తీసుకుని మళ్ళీ బిగించాడు. టక్. టక్. టక్. ఆ చప్పుడు దగ్గర ఆగడం ఆయన చేతికి ఎంత కష్టమైందో చెప్పలేం.

*

మర్నాడు కొనేవాళ్ళు వచ్చారు. ముగ్గురు. వాళ్ళలో పెద్దావిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఎవరేం చెప్పినా తెరనే చూస్తోంది. బావమరిది డయోడ్ డబ్బాలు ముందే చూశారు. ఇప్పుడీయన వంతు. ఒక్కొక్కటే తగిలించాడు. అన్నీ పూర్తి చుట్టు. అన్నీ పదిహేను పాళ్ళే మింగడం. పెద్దావిడ తలాడించింది. బావమరిది గోడకానుకుని, ఓటమి ఒప్పుకున్న ముఖంతో, బావ వంక చూసి కన్నుకొట్టాడు.

చూద్దాంగారికి ఆనందం పట్టలేదు.

"చెప్పానా? నాలుగు రోజులుగా రోజుకోలా వస్తున్నాయండీ ఇవి. అమర్చే మనిషి మీద మావాడికి అనుమానం వచ్చింది. ఆవిణ్ణి పంపేశాం. చూడండి, పంపగానే ఎలా కుదురుకున్నాయో! మీ అనుమానం నూటికి నూరుపాళ్ళూ నిజమేనండీ," అని ఈయన భుజం తట్టాడు.

ఆ చెయ్యి భుజం మీద మణుగు బరువున్నట్టనిపించింది. నోరు మెదపకుండా ఉంటే చాలు. డబ్బాలు బాగున్నాయి. గెలుపు గుమ్మంలో ఉంది. కానీ తను సరిచేసిందే ఆవిడ దొంగ అనడానికి సాక్ష్యమై కూర్చుంది. ఈ గదిలోంచి ఆ మాట ప్యాకింగ్ గదికి వెళ్ళడానికి ఎంతోసేపు పట్టదు. అక్కణ్ణుంచి ఇక ఎక్కడికీ పోదు. ఆవిడతోనే ఉండిపోతుంది.

కొనేవాళ్ళు లేవబోతున్నారు.

"ఒక్క నిమిషం," అన్నాడు. "తెర చూడండి."

స్క్రూడ్రైవర్ తీసుకుని మూత మీది స్క్రూకి పావు తిప్పు ఇచ్చాడు. గీత జారింది. ఇంకో స్క్రూ. ఇంకా జారింది.

"రోజుకోలా రావడానికి కారణం ఇదీ. కొలిచాక నేను బిగిస్తున్నాను. ఎవరూ చెప్పలేదు, డ్రాయింగులో లేదు. నా అలవాటు. అమర్చినావిడ చేసినవన్నీ మొదట్నుంచీ సరిగ్గానే ఉన్నాయి. తీసుకెళ్ళి చెడగొట్టింది నేను. ఆవిణ్ణి పంపించిందీ నేనే."

చూద్దాంగారి నోరు తెరుచుకుని, ఏ మాటా దొరక్క, "చూ..." దగ్గర ఆగిపోయింది.

పెద్దావిడ కళ్ళద్దాలు సరిచేసుకుంది. "అయితే ఎండకి మూత వ్యాకోచించినా, చలికి బిగుసుకున్నా ఇదే కదా జరిగేది?"

"జరుగుతుంది," అన్నాడు. ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. "మూతకీ గార్నెట్‌కీ మధ్య మెత్తటి పొర ఏదైనా పెట్టాలి. నాకు కాస్త టైము కావాలి."

"మీకు టైము కావాలి. మాకు యాంటెన్నా కావాలి," అందావిడ, కోపంగా కాదు. బావమరిది వైపు తిరిగింది. "మొదటి యాంటెన్నాకి మీ డబ్బాలు తీసుకుంటాం. రెండోదానికి ఈయన మెత్తటి పొర పూర్తయితే, అప్పుడాలోచిస్తాం."

బావమరిదికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బయటికెళ్తూ చెవి దగ్గర గొణిగాడు. "నోరు మూసుకుని ఉంటే నీదే కదా బావా! అక్కకి ఇప్పుడేం చెప్పను?"

"సీసా డబ్బాల కోసమేనని చెప్పు. అది చాలు."

*

ప్యాకింగ్ గదిలో జాగ్రత్తమ్మ పెట్టె మూసి టేపు లాగుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు పని ఆపి చూశారు. ఆయన గుమ్మంలోనే నిలబడి, గదంతా వినేలా, జరిగింది మొత్తం చెప్పాడు. గోటి సంగతి కూడా చెప్పాడు. ఆఖర్న "తప్పు నాదమ్మా" అన్నప్పుడు మాత్రం గొంతు కొంచెం తగ్గింది.

ఆవిడ టేపు తెంపి, అంచు వేలితో నొక్కి, పెట్టెని పక్కన పెట్టింది.

"ఆ మూడో గార్నెట్ ఆరిందా?"

"ఆరింది. సాయంత్రం దాకా మూత వెయ్యలేదు."

"ఊఁ," అంది. ఇంకో పెట్టె అందుకుంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. పక్కన కూర్చున్నామె ఆవిడ మూసిన పెట్టెని, ఈసారి విప్పకుండానే, బండి మీదికెక్కించింది.

మర్నాడు ఆయన వెళ్ళేసరికి భూతద్దం దీపం వెలుగుతోంది. మడత విప్పిన ఏప్రాన్ ఆవిడ ఒంటి మీద ఉంది. ఆయన తన బల్ల దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. జేబులో సగం ఖాళీ అయిన ఎర్ర సీసా ఉంది, సాయంత్రం ఇంట్లో అద్దం దగ్గర పెట్టెయ్యడానికి.

"జాగ్రత్త, జాగ్రత్త," అంటోంది ఆవిడ. ఆయనతో కాదు, గార్నెట్‌తో. తర్వాత టక్. కాసేపటికి మళ్ళీ టక్. ఎనిమిది స్క్రూలూ అయ్యాక ఆవిడ సంచిలోంచి ఒక చిన్న సీసా తీసి, మూత తిప్పి, స్క్రూ మీద నుంచి మూత మీదికి సన్నగా గీత గీసింది. ఎనిమిదింటికీ గీసింది. నెమలికంఠం రంగు. ఉఫ్ మని ఊదలేదు. వాటంతటవి ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. ఆరాక డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మా అమ్మాయిది సార్ ఈ రంగు," అంది. "మీ ఇంట్లో ఉండదు."

ఆయన కేబుల్ తగిలించి కొలిచాడు. పూర్తి చుట్టు. కేబుల్ విప్పాడు. విప్పగానే కుడిచెయ్యి స్క్రూడ్రైవర్ దాకా వెళ్ళిపోయింది. ఆవిడ భూతద్దం మీదికి వంగలేదు. చూస్తోంది.

ఆయన ఆ చేతిని వెనక్కి తీసుకుని, రెండోదాంతో సహా జేబుల్లో పెట్టుకున్నాడు.